జీవమ్మ సంతృప్తి

న్యాయం జరిగితే చాలదు, జరిగిన న్యాయం వల్ల సంబంధిత కుటుంబానికి సంతృప్తి కలిగినట్టు మూడు ప్రతుల్లో రుజువు ఉండాలి అని ప్రభుత్వం గ్రహించిన రోజున మానవ నాగరికత ఒక మెట్టు పైకెక్కింది. ఆ మెట్టు కర్నూలులో ఒక పాత భవనం రెండో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు.

అక్కడ విత్తనాల పరీక్ష గదికీ, విరిగిన కుర్చీలు పడేసే గదికీ నడుమ 'బాధిత కుటుంబ సంతృప్తి విభాగం' వెలసింది. ఏ నేరానికైనా శిక్ష అమలయ్యే ముందు బాధితుల ఇంటివాళ్లు ఫారం పద్నాలుగు మీద సంతకం చేయాలి. 'ముద్దాయికి విధించిన శిక్ష అమలు కావడం వల్ల మాకు సంతృప్తి కలుగుతుందని ధ్రువీకరించడమైనది' అన్నది అందులో ఉన్న ఒకే ఒక వాక్యం. దాని కింద మూడు గడులు: సంతృప్తి, మిక్కిలి సంతృప్తి, సంపూర్ణ సంతృప్తి. (నాలుగో గడికి కూడా చోటు ఉండేది గానీ అక్కడ ప్రభుత్వ చిహ్నం వేశారు.)

ఈ విభాగానికి అధిపతి వసంతకుమార్ గారు. హోదా, సంయుక్త సంతృప్తి అధికారి. మనిషి మంచివాడు. ఎవరి మీదా గొంతు పెంచి ఎరగడు. ఆయన కింద పనిచేసే ఏకైక సీనియర్ అసిస్టెంటు శాంతయ్య. కోయిలకుంట్ల మనిషి. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో వ్యవసాయ శాఖలో, సర్వే శాఖలో, పౌర సరఫరాల శాఖలో పనిచేసి, ఏ శాఖలోనూ ఒక్క కాగితం కూడా సంతకం తీసుకోకుండా ఎవరి చేతికీ ఇవ్వలేదని పేరు తెచ్చుకున్నాడు. ఇంట్లో భార్య ప్రసన్నకుమారికి కూరగాయల సంచి అందించేటప్పుడు కూడా ఆయన చెయ్యి జేబులోని కలం వైపు పోయేది.

మొదటి రెండేళ్లూ విభాగానికి చిన్న చిన్న శిక్షలే వచ్చాయి. మేకల దొంగకు ఆరు నెలలు పడిన కేసులో మేకల యజమాని 'మిక్కిలి సంతృప్తి' గడిలో టిక్కు పెట్టి, కింద 'మేకలు మాత్రం దొరకలేదు' అని రాశాడు. ఆ వాక్యాన్ని అదనపు సమాచారంగా భావించి కొట్టేశారు. ఆ తర్వాత ఒక సోమవారం ఎర్ర అట్టలో ఒక ఫైలు వచ్చింది. ఉరిశిక్ష.

ఫైలులో ఉన్న సంగతి ఇది. పదకొండేళ్ల కింద, కోడుమూరు అవతలి ఒక పల్లెలో, ఉమామహేశ్ అనే ఇరవై మూడేళ్ల రైతు బోరు ఎండిపోయింది. ఉల్లి పైరు వాడుతోంది. పక్క చేను శామ్‌ది. శామ్ బోరులో ఇంకా రెండించుల నీళ్లు పడుతున్నాయి. పది రోజులు నీళ్లు వదలమని ఒకడు, నా పైరేం కావాలని ఇంకొకడు. పది రోజుల నీళ్ల గొడవ ఒక పొద్దున గడ్డపార దాకా వచ్చింది. శామ్ బోరు దగ్గరే పడిపోయాడు. అడ్డం వచ్చిన అతని భార్య క్రిస్టినా కూడా. ఆమెకు అయిదో నెల. కోర్టులు ఒకదాని తర్వాత ఒకటి శిక్షను ఖాయం చేశాయి. క్షమాభిక్ష అర్జీ తిరిగి వచ్చింది. వచ్చే నెల ఎనిమిదో తేదీన, కడప దగ్గరి జైలులో ఉరి. అన్నీ అయిపోయి ఫారం పద్నాలుగు ఒక్కటే మిగిలింది. సంతకం చేయాల్సింది శామ్ తల్లి జీవమ్మ. ఆ ఇంట్లో ఇంకెవరూ లేరు.

"ఈ ఒక్క సంతకంతో మన విభాగం పేరు రాష్ట్రమంతా తెలుస్తుంది," అన్నారు వసంతకుమార్ గారు. "రేపే వెళ్లు."

శాంతయ్య బస్సు దిగి పల్లెలోకి నడిచేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. చర్చి వెనక వీధిలో, రేకుల ఇంటి ముందు, ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా కూర్చుని వేరుశెనగ బుడ్డలు ఒలుస్తున్నారు. ఇద్దరికీ అరవై దాటి ఉంటాయి. నడుమ ఒకటే చాట.

"జీవమ్మ ఇల్లు ఇదేనామ్మా?"

"ఇదే. నేనే జీవమ్మను. యాడనుంచప్పా?" అంది ఇవతలి ఆమె.

"కర్నూలు నుంచమ్మా. సంతృప్తి ఆఫీసు."

"అట్లాంటి ఆఫీసొకటి ఉండాదా? కూచో. ఎండన పడి వచ్చినావు, నీళ్లు తాగు."

నీళ్లు తాగి, సంచి తెరిచి, శాంతయ్య ఆ ఒక్క వాక్యాన్నీ చదివి వినిపించాడు. ఎనిమిదో తేదీ అని కూడా చెప్పాడు. అవతలి ఆమె చేతిలోని బుడ్డను ఒలవకుండా అట్లాగే పట్టుకుని వింది.

"ఈడ సంతకం పెడితే మా పని అయిపోతాదమ్మా. సాక్షిగా ఈ పక్కింటమ్మ కూడా వేలిముద్ర వేస్తే..." అంటూ సిరా డబ్బా మూత తీశాడు.

"ఆమె హులిగెమ్మ," అంది జీవమ్మ. "మహేశు వాళ్లమ్మ."

శాంతయ్య సిరా డబ్బా మూత పెట్టేశాడు.

హులిగెమ్మ చేతిలోని బుడ్డను ఒలిచింది. గింజలు చాటలో వేసి, ఒడి దులుపుకుని లేచింది. "మాకు ఏ కాయితమూ రాలేదు సారూ," అంది మెల్లగా.

"వస్తాదమ్మా. ముద్దాయి ఇంటివాళ్లకు వేరే విభాగం పంపుతాది," అన్నాడు శాంతయ్య. అది నిజమే. ఆ విభాగంలో తపాలా పంపే మనిషి సెలవులో ఉన్నాడు.

"నేను పొయ్యొస్తా జీవక్కా."

"యాడికి పోతావ్, కూచో. నువ్వు వినకూడనిదేమన్నా ఉండాదా ఇంగ?"

హులిగెమ్మ కూర్చుంది. అడగకూడదనుకుంటూనే శాంతయ్య అడిగాడు: "మీరిద్దరూ ఎట్లమ్మా?"

జీవమ్మ ఒలవడం ఆపకుండానే చెప్పింది. "మొదటి రెండేండ్లు ఈమె మొగం చూసింది లేదప్పా. వాని గొంతు నా చేతుల్తోనే పిసకల్లని రోజూ అనుకుంటాంటి. ప్రార్థనలో గూడా అదే అడుగుతాంటి. మూడో ఏడు వానల్లేక కూలికి పోతిమి. సద్ది తినేకాడ అందరూ గుంపుగా కూచుంటారు గదా. నేను పోతే నవ్వేటోళ్లు నవ్వు ఆపేస్తారు. వాళ్ల తప్పేం లేదు, నా మొగం చూసి నవ్వేదెట్ల? ఈమె పోతే లేచి ఇంగోచోటికి పోతారు. చివరికి గట్టు మీద మేమిద్దరమే మిగుల్తాంటిమి. ఒగదినం ఈమె రొట్టె ఇరిచి నా పక్క పెట్టింది. నేను ముట్టలేదు. మర్నాడు మళ్లీ పెట్టింది. ముట్టలేదు. నాలుగోనాడు తింటి."

"అంటే మన్నించినారామ్మా?"

"ఈమెనా? ఈమె ఏం తప్పు చేసిందని? వాణ్నంటావా, లేదప్పా, అబద్ధమెందుకు. ఇప్పటికీ తలుచుకుంటే కడుపులో మండుతాది. కానీ బిడ్డ పోయిన ఇల్లు ఎట్లుంటాదో నాకు తెలుసు. నా పేరు చెప్పి ఈమెను గూడా అట్ల చేస్తాం, నీకు సంతోసం గదా అని కాయితం తెస్తివి. నేను పెట్టను."

ఇంకో సంగతి కూడా చెప్పింది. పోయిన ఏడు హులిగెమ్మతో కలిసి కడపకు వెళ్లింది. ఉమామహేశ్‌ను ఒక్క మాట అడగాలని. "నా కొడుకు కడాకు ఏమన్న్యాడో చూసినోడు వాడొక్కడే గదప్పా. ములాఖత్ కిటికీకాడ, ఖైదీకి నువ్వేమవుతావని అడిగినారు. చచ్చిపోయినోని తల్లిని అంటి. ఆ కంప్యూటర్లో అట్లాంటి వరస లేదంట. బైటనే కూచుంటి."

శాంతయ్య ఖాళీ ఫారంతో బస్సెక్కాడు. ఆయన సర్వీసులో ఇది మొదటిసారి. హులిగెమ్మ పొట్లం కట్టి ఇచ్చిన బుడ్డలు ఆయన సంచిలో ఉన్నాయి. వాటికి రసీదు ఎవరికివ్వాలో తోచక, దారిలో తినకుండా ఇంటిదాకా తెచ్చాడు.

మర్నాడు వసంతకుమార్ గారు అంతా శ్రద్ధగా విన్నారు.

"అంటే ఆమె సంతృప్తి చెందదా?"

"చెందదంట సార్."

"మూడింటిలో ఏది చెందదట?"

"మూడూ సార్."

వసంతకుమార్ గారు నిజంగానే బాధపడ్డారు. "ఇన్ని కోర్టులు, ఇంతమంది లాయర్లు, పదకొండేళ్లు ఆమె కోసమే కదయ్యా కష్టపడింది! ప్రభుత్వం ఆమె కోసం ఒక మనిషిని చంపడానికి సిద్ధపడింది. ఆమే వద్దంటే, ఇక మనం ఎవరి కోసం చంపుతున్నట్టు?"

ఇలాంటి ప్రశ్నలు ఆఫీసు వేళల్లో తలెత్తితే ఏం చేయాలో చెప్పడానికే నియమావళి ఉంది కనుక, ఆయన దాన్ని తెరిచారు. ఇరవై రెండో నియమం దొరికింది. సంతృప్తి చెందడానికి నిరాకరించే కుటుంబ సభ్యులకు 'కక్ష లోపం' ఉన్నట్టు భావించి ముందు వైద్య పరీక్షకు, ఆపైన అవగాహన కార్యక్రమానికి పంపాలి.

జీవమ్మను కర్నూలుకు పిలిపించారు. ప్రభుత్వ డాక్టరు ఆమె నాడి చూసి, నాలుక చూసి, కనురెప్ప కిందికి లాగి చూసి ఇలా రాశాడు: 'బీపీ పరవాలేదు. రక్తం తక్కువగా ఉంది. కక్ష కనబడలేదు. ఐరన్ మాత్రలు నెల రోజులు వాడాలి.' (ఆమె వాడింది. మంచి మాత్రలేనని తర్వాత చెప్పింది.)

అవగాహన కార్యక్రమం రెండో అంతస్తులోనే జరిగింది. మరుగున పడిన బాధను తట్టి లేపడం దాని ఉద్దేశం. జీవమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, ఫైలులోని ఫోటోలు ఒకదాని తర్వాత ఒకటి చూపించే పనిని శాంతయ్యకు అప్పగించారు. మొదటి ఫోటో బోరు దగ్గర తీసింది. శాంతయ్య దాన్ని చూశాడు. చూసి, బోర్లా తిప్పి బల్ల మీద పెట్టాడు. రెండోది, మూడోది కూడా అట్లాగే. వసంతకుమార్ గారు గొంతు సవరించుకున్నారు. నాలుగోది మాత్రం శాంతయ్య చేతిలో తిరగబడలేదు. పెళ్లి ఫోటో. తెల్ల చొక్కాలో శామ్, తల మీద తెల్లని ముసుగుతో క్రిస్టినా. చనిపోయింది ఎవరో గుర్తుపట్టడానికని పోలీసులు ఇంటి గోడ మీది నుంచి తీసుకుపోయింది.

జీవమ్మ కుర్చీలోంచి లేచింది. "ఇది మా ఇంట్ల ఉండె ఫోటో గదప్పా! పదకొండేండ్ల నుంచి అడుగుతాండా, యాడుండాదో ఎవురూ చెప్పరు." చెయ్యి చాపి, ముట్టుకోకుండా ఆపుకుంది. "వాని మొగం ఈ మధ్య నాకు సరీగ్గా గుర్తు రాకుండా ఉండాది. ముక్కు గుర్తుకొస్తాది. గడ్డం గుర్తుకొస్తాది. అంతా కలిసి రాదు. నాకియ్యప్పా."

"తప్పకుండా ఇస్తామమ్మా," అన్నారు వసంతకుమార్ గారు. "కేసు సాక్ష్యం కాబట్టి శిక్ష పూర్తయ్యాకే ఇవ్వాలి. శిక్ష పూర్తి కావాలంటే ఫారం పద్నాలుగు ఉండాలి. మీరు సంతకం చేస్తే ఎనిమిదో తేదీ మధ్యాహ్నానికల్లా ఫోటో మీ ఇంట్లో ఉంటుంది." ఆయన అబద్ధమాడటం లేదు. నియమం అట్లాగే ఉంది. కలం కూడా ఆయనే అందించారు.

జీవమ్మ కలం పట్టుకుంది. ఫోటో చూసింది. శాంతయ్య ఆమె చేతినే చూస్తున్నాడు. పెట్టకూడదని ఆయన అనుకున్నాడు, పెట్టేస్తే బాగుండునని కూడా అనుకున్నాడు. రెండూ ఒకేసారి.

ఆమె కలాన్ని బల్ల మీద పెట్టేసింది.

"మోకాళ్ల నొప్పులని హులిగెమ్మ మెట్లెక్కలేక కిందనే కూచున్న్యాది. ఇది పెట్టి కిందికి దిగితే ఆమె మొగం ఎట్ల చూసేది?" అని, గోడ పట్టుకుని మెట్లు దిగిపోయింది.

ఆ సాయంత్రం శాంతయ్య అన్నం ముందు కూర్చుని కంచంలో వేలితో గీతలు గీశాడు. ప్రసన్నకుమారి కారణం అడిగింది. చెప్పాడు.

"ఆ ఫోటో మీ ఆఫీసులో ఎవరికి కావాలి?"

"ఎవరికీ అక్కర్లేదు."

"అయితే ఇచ్చేయండి."

పరిపాలన గురించి ఆమెకున్న అవగాహన అంతే. అయినా ఆ మాట శాంతయ్యను రెండు రోజులు వదల్లేదు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఆయన ఆఫీసు తాళం తీసి, ఎర్ర ఫైలులోంచి ఫోటో తీసి, చొక్కా లోపల పెట్టుకుని కోడుమూరు బస్సెక్కాడు. నియమానికి విరుద్ధంగా ఆయన చేసిన మొట్టమొదటి పని అది. బస్సు కుదుపులకు ఫోటో గుండెకు తగులుతుంటే ఆయనకు భయం వేసింది, కొంచెం సంతోషం కూడా వేసింది.

జీవమ్మ ఫోటోను రెండు చేతులతో తీసుకుంది. కొంగుతో తుడిచింది. తుడవడానికి అందులో దుమ్మేమీ లేదు. "ఇదిగో, ఇట్లుంటాడు," అంది. ఎవరితో అన్నదో తెలియదు.

ఇంతవరకు శాంతయ్య చేసింది మంచి పనే. అక్కడితో లేచి వచ్చేసి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది. కానీ ఆయన చెయ్యి జేబులోకి పోయింది.

"ఈడ ఒక చిన్న సంతకం అమ్మా. ముట్టినట్టు."

తెల్లకాగితం మీద కేసు నంబరు వేసి, కింద ఆయనే రాశాడు: 'పై కేసులో నాకు రావలసినది నాకు ముట్టినది.' ఫోటో అని రాస్తే దొరికిపోతానని భయపడి, ఆ మాట రాయలేదు. జీవమ్మ కళ్లు తుడుచుకుని, కూడబలుక్కుని, తన పేరు రాసింది. అడిగింది ఆయన కాబట్టి చదవలేదు.

శాంతయ్య ఆ కాగితాన్ని చించేయవచ్చు. దారిలో పారేయవచ్చు. ఇరవై తొమ్మిదేళ్ల అలవాటు మరి. సోమవారం పొద్దున దాన్ని ఫైలులో పెట్టి, పుట సంఖ్య కూడా వేశాడు.

మధ్యాహ్నానికి వసంతకుమార్ గారు ఆయన్ను పిలిచి కుర్చీ చూపించారు. ఎప్పుడూ చూపించి ఎరగరు.

"సాధించావయ్యా శాంతయ్యా! 'నాకు రావలసినది నాకు ముట్టినది.' ఎంత చక్కటి మాట! మన ఫారంలో కూడా ఇంత బాగా లేదు."

కూర్చోబోయిన శాంతయ్య మళ్లీ నిలబడ్డాడు. "సార్, అది... ఫోటోకు సార్. నేను ఫోటో ఇచ్చినందుకు పెట్టిన సంతకం."

"ఫోటో ఇవ్వడానికి నీకు అధికారం ఉందా?"

"లేదు సార్."

"అధికారం లేనివాడు ఇచ్చింది ఇచ్చినట్టు కాదు. కాబట్టి ఫోటో ఇవ్వలేదు. ఫోటో ఇవ్వనప్పుడు ఇది ఫోటో రసీదు కాదు. మరి ఆమెకు ముట్టిందేమిటి?" వసంతకుమార్ గారు జాలిగా చూశారు. "న్యాయమే కదా. లేదు, ఫోటోనే ఇచ్చానంటావా, అది సాక్ష్యం దొంగతనం అవుతుంది. నాలుగేళ్లలో రిటైరవుతావు. ఆలోచించుకో."

శాంతయ్య ఆలోచించాడు. ఆ సాయంత్రం కూర్చుని జరిగినదంతా ఒక పుటలో రాసి ఇచ్చాడు. వసంతకుమార్ గారు పూర్తిగా చదివి, చేతిరాతను మెచ్చుకుని, 'భవిష్యత్ సూచనలు' అనే ఫైలులో పెట్టించారు. ఆ పుట రెండో ప్రతి శాంతయ్య దగ్గర ఉంది. దాన్ని కోర్టుకో, జైలుకో పంపవచ్చని ఆయనకు తెలుసు. చిరునామాలు కూడా తెలుసు. కవరు మీద ఒక చిరునామా రాశాడు కూడా. దాన్ని పోస్టు డబ్బాలో వేయలేదు.

తెల్లకాగితాన్ని ఫారం పద్నాలుగుకు పిన్ను కొట్టి, వసంతకుమార్ గారు స్వయంగా 'సంపూర్ణ సంతృప్తి' గడిలో టిక్కు పెట్టారు.

నియమం ప్రకారం మూడు ప్రతుల్లో ఒకటి ముద్దాయికి, సమాచారం నిమిత్తం ఇవ్వాలి. ఏడో తేదీ మధ్యాహ్నం శాంతయ్య దాన్ని తీసుకుని కడపకు వెళ్లాడు.

ఉమామహేశ్‌కు ఇప్పుడు ముప్పై నాలుగు. చెవుల దగ్గర జుట్టు నెరిసింది. గోళ్లలో మట్టి ఉంది. జైలు తోటలో వంకాయ మొక్కలకు పాదులు చేసి వచ్చాడు. (రేపటి నుంచి నీళ్లు ఎవరు పోయాలో వార్డరుకు చెప్పాడట.) ఫారం తీసుకుని రెండుసార్లు చదివాడు.

"జీవమ్మ పెద్దమ్మ సంతకం పెట్టిందా సార్?"

పెట్టిందనడం శాంతయ్య డ్యూటీ. వార్డరు పక్కనే ఉన్నాడు.

"లేదప్పా," అన్నాడు శాంతయ్య. "అది ఫోటో ముట్టినందుకు నాకు పెట్టిన సంతకం. దీనికి పెట్టనని రెండుసార్లు చెప్పింది. మీ అమ్మ మొగం చూడల్ల గదా అనింది."

ఆ మాట చెప్పి మేలు చేశానేమో అనుకున్నాడు. ఉమామహేశ్ గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు.

"పెట్టింటేనే బాగుండు సార్," అన్నాడు. "ఆమెకన్నా కొంచెం కడుపు చల్లబడుతాదిలే అని పోదామనుకుంటి. ఇప్పుడు నేను ఎందుకు పోవల్ల?"

వార్డరు తలుపు గడియను చూస్తూ నిలబడ్డాడు.

"పెద్దమ్మకు ఒగమాట చెప్తారా సార్? కిందటేడు వచ్చి బైట కూచున్న్యాదంట గదా. నేను గడ్డపార ఎత్తినప్పుడు శామన్న, 'నీళ్లు ఇడుస్తాలేరా మహేశా' అన్న్యాడు. నాకు ఇనపడింది. ఇనపడనట్టు చేసినా. కోర్టులో ఎవురూ అడగలేదు. నేనూ చెప్పలేదు."

తర్వాత అతనే అడిగాడు, "ముట్టినట్టు సంతకం యాడ పెట్టల్ల సార్?" శాంతయ్య చూపించాడు. పెట్టాడు.

మర్నాడు తెల్లవారేసరికి జైలు గేటు బయట, వేపచెట్టు కింద, ఇద్దరు ఆడవాళ్లు ఒకే దుప్పటి కప్పుకుని కూర్చుని ఉన్నారు. శాంతయ్య వెళ్లి వాళ్ల ముందు నేల మీద కూర్చున్నాడు. ముందు శామ్ మాట చెప్పాడు.

"ఇడుస్తానన్న్యాడా," అంది జీవమ్మ. "అనుంటాడు. మొదట గట్టిగా అరుస్తాడు, మళ్లా ఇచ్చేస్తాడు. చిన్నప్పట్నుంచీ అంతే." హులిగెమ్మ తల మోకాళ్ల మీద ఆనించింది. జీవమ్మ ఆమె వీపు మీద చెయ్యి వేసింది, కానీ ఈసారి ఆ చెయ్యి కొంచెం ఆలస్యంగా వెళ్లింది. శాంతయ్య అది గమనించాడు.

అప్పుడు రసీదు సంగతి చెప్పాడు. ఏమీ దాచలేదు.

"నా సంతకమా?"

"అవునమ్మా."

"ఫోటోకు గదప్పా నేను పెట్టింది?"

"అవునమ్మా."

ఆమె తిట్టలేదు. తిడితే శాంతయ్య ఇంటికి పోయి అన్నం తినేవాడు. ఆమె హులిగెమ్మ వైపు తిరిగింది. హులిగెమ్మ అంతా వినే ఉంది. తల ఎత్తకుండానే జీవమ్మ కొంగు చివర పట్టుకుంది. వదల్లేదు.

ఏడు గంటలకు చిన్న గేటు తెరిచారు. శవాన్ని అప్పగించడానికి జైలులో ప్రత్యేకంగా ఫారం లేదు. చాలా ఏళ్లుగా ఆ అవసరం రాలేదు. విడుదలయ్యే ఖైదీలకు చొక్కా, చేతి గడియారం, చెప్పులు వాపసు ఇచ్చే ఫారమే వాడారు. 'పైన తెలిపిన వస్తువు మంచి స్థితిలో ముట్టినది.' వస్తువు అన్నచోట పేరు రాశారు.

హులిగెమ్మకు చదువు రాదు. "ఏం రాసినారు జీవక్కా?"

జీవమ్మ కాగితాన్ని మొత్తం చదివింది. ఈసారి మాత్రం ప్రతి అక్షరం చదివింది.

"నీ కొడుకును నీకు ఇస్తాండామని రాసినారు," అంది. అని, హులిగెమ్మ బొటనవేలు పట్టుకుని సిరాలో అద్దింది.

పదిహేను రోజుల తర్వాత ఒక సోమవారం జీవమ్మ ఒక్కతే రెండో అంతస్తు మెట్లెక్కి వచ్చింది. గుమ్మంలో కాసేపు ఆయాసం తీర్చుకుంది. శాంతయ్య లేచి నిలబడ్డాడు. ఆమె ఆయన్ను దాటి వసంతకుమార్ గారి బల్ల దగ్గరకు పోయి, గుడ్డలో చుట్టిన పెళ్లి ఫోటో తీసి ముందు పెట్టింది.

"ఇది తీసుకోండి సార్. నా సంతకం నాకు వాపసు ఇయ్యండి."

శాంతయ్య గోడ వైపు తిరిగాడు.

వసంతకుమార్ గారు ఆమెను కూర్చోమన్నారు. మంచినీళ్లు తెప్పించారు. ఫోటోను సున్నితంగా ఆమె వైపు జరిపారు. "ఇది మేము ఇవ్వలేదమ్మా. ఇవ్వనిదాన్ని తిరిగి తీసుకునే వీలు లేదు. ఉంచుకోండి."

"అయితే నాకు సంతోసం కాలేదని యాడన్నా రాసుకోండి. ఒగ చిన్న ముక్క. అంతే. ఆమె కొడుకు నా కోసం పోయినాడని లెక్కల్లో ఉండకూడదు."

ఆ కోరికలో తప్పేమీ లేదని వసంతకుమార్ గారికి కూడా అనిపించింది. నియమావళి తెరిచి, కళ్లద్దాలు సవరించుకుని, చాలాసేపు వెతికారు. ముప్పై ఒకటో నియమం దగ్గర ఆయన వేలు ఆగింది.

"ఫైలు మూసేశామమ్మా. ఒక కుటుంబం నుంచి ఒక హత్య కేసుకు ఒక్క అభిప్రాయమే తీసుకోవాలి. మళ్లీ మీ అభిప్రాయం నమోదు చేయాలంటే, అదే ఇంట్లో ఇంకొక హత్య జరగాలి."

"మా ఇంట్ల ఇంగెవురున్నారు సార్? నేనొక్కదాన్నే గదా."

వసంతకుమార్ గారు నియమాన్ని మరోసారి చదివి, ఊరట కలిగించే గొంతుతో చెప్పారు.

"అట్లా అయితే, అప్పుడు మీరు స్వయంగా ఇంత దూరం రావలసిన పని ఉండదమ్మా."